ఒకే కథ, ఇద్దరి నోట: చెన్నైలో పిల్లలతో తెలుగు చదవడం

చెన్నైలో పెరిగే తెలుగు పిల్లలకు మన కథలు ముక్కలుగా అందుతాయి. పండక్కి ఒక పురాణ కథ, పోటీకి నాలుగు వేమన పద్యాలు, వేసవి సెలవుల్లో అమ్మమ్మ దగ్గర ఒకటీ రెండు పాటలు. ప్రతిదాని చివరా ఒక నీతి తగిలిస్తాం. పదేళ్లు వచ్చేసరికి, ఇవన్నీ పెద్దల మాట వినమని చెప్పే కథలేనని పిల్లలు తేల్చేసుకుంటారు. పెద్దల మాటకు ఎదురు నిలిచిన రచనలు తెలుగులో ఎన్నో ఉన్నాయి. వాటిని కూడా నీతికథల్లాగే చెప్పేస్తున్నాం, తప్పు అక్కడే ఉంది.

దీనికి పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ఏ కథనైనా ఒకసారి చెప్పి వదిలేయకుండా, రెండు నోళ్ల నుంచి వినిపించాలి. మొదటి రోజు కథ మాత్రమే చెప్పండి, ప్రశ్నలు వద్దు. మూడు నాలుగు రోజులు ఆగి అదే కథను ఇంకొకరు చెప్పినట్టు చెప్పండి. రెండూ ఒకే రోజు చెబితే పిల్లల బుర్రలో కలిసిపోయి ఏది ఎవరిదో తెలియకుండా పోతుంది. మూడోసారి కూర్చున్నప్పుడు రెండే ప్రశ్నలు: ఈ కథలో ఎవరి మాట చెల్లింది? ఎవరు నోరు విప్పలేదు? ఒక్కో విడత ఇరవై నిమిషాలు దాటకూడదు. జవాబు మీరు చెప్పేశారంటే ఆ పూట పని చెడినట్టే.

భాష గురించి ఒక మాట. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి పాఠమైంది. అందుకే మన పిల్లల్లో చాలామందికి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కావడంతో, ఆ లిపిలో రాసుకుని చదివితే గబ్బిలం కాస్తా కబ్బిలం అయిపోతుంది. కాబట్టి మొదటి ఏడాది చెవితోనే నడపండి, లిపి పక్కన సాగుతుంది. వాళ్లకొచ్చిన తమిళాన్ని అడ్డంకిగా చూడకండి. ఈ చదువులో సగం బలం దానిదే.

ఆరేడేళ్ల పిల్లలకు కన్నప్పతో మొదలుపెట్టండి. ఆ కథ తమిళంలో శివభక్తుల కథలు చెప్పే పెరియపురాణంలో ఉంది. తెలుగులో 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలోనూ, ఆ తర్వాత ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలోనూ ఉంది. అక్కడ తిణ్ణన్, ఇక్కడ తిన్నడు. వేటగాడు నోటినిండా నీళ్లు పట్టుకొచ్చి లింగం మీద పుక్కిలిస్తాడు, తలలో తురుముకొచ్చిన పూలు రాలుస్తాడు, మాంసం కొరికి రుచి చూసి మెత్తని ముక్కలే శివుడికి పెడతాడు. మర్నాడు పూజారి వచ్చి ఎముకలు చూసి కుమిలిపోతాడు. పిల్లలు కన్ను పీకి పెట్టిన ఘట్టం దగ్గర ఆగిపోతారు, మనమూ అక్కడే ఆపేస్తాం. ఆగాల్సింది పూజారి దగ్గర. అతను చెడ్డవాడు కాడు, తనకు నేర్పిన నియమం ప్రకారం శుభ్రం చేస్తున్నాడు. శివుడు అతణ్ణి చాటున దాక్కుని చూడమన్నాడు. అంటే చూసి నేర్చుకోవాల్సింది పూజారి. ఇది పిల్లలకు అందాక, ఈ ప్రశ్న వేయండి: మరి ఆ తర్వాత కాళహస్తిలో నైవేద్యం మారిందా? మారలేదు. కథ కన్నప్పను నెత్తిన పెట్టుకుంది, నియమాన్ని మాత్రం ఉన్నచోటే ఉంచింది. ఎదిరించడం, సర్దుకుపోవడం రెండూ ఒకే కథలో ఉండొచ్చని ఎనిమిదేళ్ల పిల్లలకు కూడా దీనితో తెలుస్తుంది. చెన్నై నుంచి కాళహస్తి పొద్దున్నే బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేంత దూరమే. కథ రెండు భాషల్లోనూ విన్నాకే తీసుకెళ్లండి.

వేమన దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. ఉప్పుకప్పురంబుతో ఆపేస్తే ఆయన మంచి బుద్ధులు చెప్పే తాతయ్యగా మిగిలిపోతాడు. సి.పి. బ్రౌన్ 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించిన వేమన అంత సాధువు కాదు. పదకొండు పన్నెండేళ్లు వచ్చాక ఈ పద్యం తీయండి:

మాల మాల కాడు మహిమీద నేప్రొద్దు
మాట తిరుగువాడు మాల గాక

మొదట చప్పట్లతో విరవాలి. ఇది ఆటవెలది. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు: మాల, మాల, కాడు, మహిమీద, నేప్రొద్దు. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే: మాట, తిరుగు, వాడు, మాల, గాక. మూడో పాదం మళ్లీ మొదటిదానిలాగే నడవాలి. దాన్ని చాలాచోట్ల "వాని మాల యన్న వాడె పెనుమాల" అని చూస్తాం. చప్పట్లు కొట్టి చూడండి, చివర తడబడతాయి. "వాడె పో పెనుమాల" అంటే సరిగ్గా కుదురుతుంది. పో ఒక్కటి ఎక్కడో జారిపోయింది. అచ్చులో ఉన్నంత మాత్రాన సరైనదని నమ్మక్కర్లేదన్న సంగతి పిల్లలు ఇక్కడ తమ అరచేతులతో తెలుసుకుంటారు.

తర్వాత అర్థం. పుట్టుకతో ఎవరూ తక్కువ కారు, మాట తప్పినవాడు తక్కువ, ఇంకొకరిని ఆ పేరుతో ఈసడించేవాడు మరీ తక్కువ. ఇంతవరకు అందరూ చెబుతారు. ఇక్కడ ఒక్క ప్రశ్న అడగండి: మాట తప్పినవాణ్ణి తిట్టడానికి కవి ఏ మాట వాడాడు? కాసేపు ఆగితే పిల్లలే పట్టుకుంటారు. పుట్టుక లెక్కను కొట్టిపారేసిన కవి, ఆ కులం పేరును మాత్రం తిట్టుగానే ఉంచేశాడు. అప్పుడు వేమనను వెనకేసుకు రావద్దు, పక్కన పడేయనూ వద్దు. ఆయన గోడను కొంత పగలగొట్టాడు, కొంత ఆయనకే కనబడలేదు. ఈ పద్యాన్ని వేదిక మీద అప్పజెప్పించకండి. ఎదురుగా కూర్చున్న వాళ్లలో ఆ కులం పిల్లలు ఉంటారు. వివరణ లేకుండా వాళ్ల చెవిన పడేది తమ పేరు తిట్టుగా మారడమే.

ఈ పద్యం తర్వాత "మనదే కులం?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దాటవేయొద్దు. ఇక్కడ బడిలో చేరేటప్పుడు, కాలేజీ సీటు దగ్గర కమ్యూనిటీ సర్టిఫికెట్ అడుగుతారు. మీరు చెప్పకపోయినా కాగితం చెబుతుంది. పేరు చెప్పండి. దానివల్ల మన తాతలకు ఏం దక్కిందో, ఏం దక్కకుండా పోయిందో, ఎవరికి ఏం దక్కనివ్వలేదో మీకు తెలిసినంత చెప్పండి. తమిళం పాఠంలో కవి భారతియార్ పిల్లల కోసం రాసిన పాప్పా పాట్టు చదివి కులాలు లేవన్న పాదం అప్పటికే వాళ్లకు కంఠతా వచ్చి ఉంటుంది. పాట లేవంటుంది, కాగితం ఉన్నాయంటుంది. ఈ రెండింటి మధ్య పిల్లల్ని ఒంటరిగా వదిలేయడం న్యాయం కాదు.

జాషువా గబ్బిలం చెప్పడానికి పదమూడేళ్లు సరైన వయసు. అదీ నందనార్ కథ తర్వాతే. తమిళ కథలో శివభక్తుడు నందనార్‌కు, అంటరానివాడని, గుడిలోకి ప్రవేశం లేదు. తిరుప్పుంగూరులో బయట నిలబడితే శివుడు నందిని పక్కకు జరగమన్నాడు. చిదంబరంలో మాత్రం నిప్పుల్లోంచి నడిచి, జంధ్యంతో మునిరూపంలో బయటికొచ్చాకే లోపలికి వెళ్లగలిగాడు. దేవుడు కరుణించాడు సరే, మారాల్సి వచ్చింది ఎవరి ఒళ్లు? 1941లో వచ్చిన గబ్బిలంలో నంది జరగడు, నిప్పూ లేదు. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు భార్యకు మబ్బుతో కబురు పంపాడు. జాషువా నాయకుడు, దళితుడైన అరుంధతీసుతుడు ఆకలి కబురు పంపుతున్నాడు, శివుడికి. గబ్బిలాన్నే ఎందుకు పిలిచాడని అడగండి. గుడి కప్పుకు వేలాడే హక్కు దానికి ఉంది, ఇతనికి గడప దాటే హక్కు లేదు. పూజారి లేని వేళ చూసి శివుడి చెవిన వేయమంటాడు. ఆ ఒక్క షరతులో ఉన్నంత బాధ పది వ్యాసాల్లో ఉండదు. పద్యాలు కఠినమే. మొత్తం చదివించబోతే విసుగొస్తుంది. మేఘసందేశం కథ పది నిమిషాలు చెప్పి, గబ్బిలంలో అయిదారు పద్యాలు మీరే గట్టిగా చదివితే చాలు.

పల్నాటి వీరచరిత్రను క్లుప్తంగా చెప్పినా నష్టం లేదు. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కలిసి తిన్న బ్రహ్మనాయుడి చాపకూడు చెప్పండి, మాల కులస్థుడైన కన్నమదాసును కొడుకుగా చేసుకున్నది చెప్పండి. అదే కథ యుద్ధం తప్పంతా నాయకురాలు నాగమ్మ నెత్తిన ఎలా వేస్తుందో కూడా చెప్పండి.

ఆడవాళ్ల పాటలు పుస్తకాల కన్నా ముందు ఇంట్లో దొరుకుతాయి. ఊర్మిళాదేవి నిద్ర పాటలో, పద్నాలుగేళ్ల తర్వాత పక్కన నిలబడిన లక్ష్మణుణ్ణి ఊర్మిళ గుర్తుపట్టక, పరాయి మగాడనుకుని గట్టిగా గద్దిస్తుంది. అమ్మమ్మకో నాయనమ్మకో ఈ పాట ఒక్క చరణం వచ్చినా ఫోనులో రికార్డు చేయండి, ఫ్యాను ఆపి, ఫోను ఆమె ఒళ్లో పెట్టి. "ఇవన్నీ పిల్లలకెందుకు" అని పెద్దవాళ్లు అభ్యంతరం చెప్పడం మామూలే. వాదించకుండా "మీకెవరు నేర్పారమ్మా" అని అడగండి. పాట తనంతట తానే వస్తుంది.

కన్యాశుల్కంతో వచ్చే చిక్కు నవ్వు. గిరీశం డాబు మాటలకు పడి పడి నవ్వి, డబ్బు తీసుకుని ముసలివాడికి కట్టబెట్టబోయిన చిన్నపిల్ల సుబ్బిని మరిచిపోతారు. అందుకే నాటకం కంటే ముందు 1897 ముద్రణకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదివించండి. విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1,034 కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా సంగతి అందులో ఉంది. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు, వెల 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకె చూశాక మొదటి అంకం తెరిస్తే నవ్వు ఆగదు, కానీ సుబ్బి గుర్తుంటుంది.

పదహారు దాటినవాళ్లకు గాయని, దేవదాసి బెంగళూరు నాగరత్నమ్మ గురించి చెప్పాలి. తంజావూరు ఆస్థానంలో 18వ శతాబ్దంలో ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనంలో, అప్పటికున్న అచ్చుప్రతి కవయిత్రి తన వంశం చెప్పుకున్న పద్యాలనే వదిలేసింది. నాగరత్నమ్మ వాటిని వెతికి 1910లో పూర్తి పుస్తకం మద్రాసులో తెచ్చింది. ప్రభుత్వం నిషేధించింది, అది ఎత్తేసింది టంగుటూరి ప్రకాశం హయాంలో. అసలు చర్చ ఇంకొకటి: ఆ కావ్యాన్ని బూతని ఈసడించినవాడు కందుకూరి వీరేశలింగం. వితంతువులకు పెళ్లిళ్లు చేసినవాడే, తన కోరిక తానే రాసుకున్న ఆడదాన్ని సహించలేకపోయాడు. కందుకూరిని దేవుణ్ణి చేసి చెప్పి ఉంటే ఇక్కడ పిల్లలకు కోపం వస్తుంది. ముందు నుంచీ మనిషిగానే చెప్పండి.

ఇవన్నీ అయ్యాక ఒక రోజు మైలాపూరు నడవండి. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు 1952లో 58 రోజుల నిరాహారదీక్ష చేసి కన్నుమూసిన ఇల్లు స్మారకంగా ఉంది. రాష్ట్రం సంగతి తర్వాత, ముందు 1946లో ఆయన నెల్లూరులో హరిజనులకు ఆలయప్రవేశం కోసం చేసిన దీక్ష చెప్పండి. గబ్బిలం చదివిన పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు. తమిళ మాసం పంగునిలో జరిగే ఉత్సవాల్లో అయితే ఇంకా మంచిది. కపాలీశ్వరుడి గుడి వీధుల్లో అరుబత్తుమూవర్ రోజున అరవై ముగ్గురు నాయన్మార్ల, అంటే పెరియపురాణంలోని శివభక్తుల, విగ్రహాలు ఊరేగుతాయి. ఆ వరసలో కన్నప్పను, నందనార్‌ను వెతకమనండి. నందనార్‌కు అక్కడున్న పేరు తిరునాళైప్పోవార్. దాని అర్థం మనం చెప్పనక్కర్లేదు, బడిలో తమిళం చదివే పిల్లలే మనకు విడదీసి చెబుతారు: రేపు వెళ్లేవాడు.