అరకు వెళ్లొచ్చినా తగ్గని అలసట

మొదట్లో ఏడుపేమీ లేదండీ, కోపం ఒక్కటే. వాటర్ బాటిల్ మూత దొరక్కపోతే కోపం, కుక్కర్ విజిల్ వేస్తే కోపం, మా ఆయన తుమ్మినా కోపం. డిప్రెషన్ అంటే దిండులో మొహం పెట్టుకుని ఏడవడం అనుకునేదాన్ని, నేనేమో ఇల్లంతా దడదడలాడించేస్తున్నా, అంచేత నాది ఒట్టి గయ్యాళితనం అని తేల్చేసుకున్నా.

మాది విశాఖలో కూర్మన్నపాలెం. ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. పొద్దుటి షిఫ్ట్ (A) అయితే నాలుగింటికే లేచి క్యారేజీ కట్టాలి, రాత్రి షిఫ్ట్ (C) అయితే ఆయన పగలు పడుకుంటారు కాబట్టి పిల్లలిద్దరి నోళ్లూ మూయించాలి, సాయంత్రం షిఫ్ట్ (B) అయితే హోంవర్క్ దగ్గర్నుంచి పడుకోబెట్టే దాకా నేనొక్కదాన్నే, ఈ మధ్యలో నా ఉద్యోగం సిరిపురంలో, అకౌంట్స్, బస్సులో పోనూ రానూ రెండు గంటల పైనే, ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇక చెప్పక్కర్లేదు. పోయినేడాది మార్చిలో ఆఫీసులో ఇయర్ ఎండింగూ, ఇంట్లో పిల్లల పరీక్షలూ కలిసొచ్చాయి. అప్పట్నుంచీ పదింటికి పడుకోవడం, మూడింటికి మెలకువొచ్చేసి ఫ్యాన్ వంక చూస్తూ ఉండిపోవడం. ఒకరోజు నా స్టాప్ దాటిపోయినా తెలీలేదు, మద్దిలపాలెంలో బస్సంతా ఖాళీ అయ్యాక కండక్టర్ వచ్చి "ఏటమ్మా, దిగవా?" అంటే అప్పుడు లేచాను. ఆ పూట ఆఫీసుకి వెళ్లలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయా, ఎంతసేపో తెలీదు.

మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్తే రక్తం తక్కువుంది అని ఐరన్ మాత్రలు రాశారు. థైరాయిడ్ బానే ఉందన్నారు. ఆఫీసులో అందరిదీ ఒకటే మాట, రెస్ట్ తీసుకోండి మేడం అని. సరే అని డిసెంబర్లో లీవు పెట్టి అరకు వెళ్లాం, పొద్దున్నే కిరండూల్ రైల్లో. ఆ దారి తెలుసు కదా, సొరంగం రాగానే బోగీ మొత్తం ఒక్కసారి కేకలు. మా పెద్దాడు లెక్కపెడుతున్నాడు, పాప చెవులు మూసుకుని అరుస్తోంది. ఏడెనిమిది అయ్యాక పాప నా వైపు తిరిగి "నువ్వెందుకమ్మా అరవట్లేదు?" అంది. ఇంట్లో రోజంతా అరిచేదాన్ని, అక్కడ అరవమంటే గొంతు పెగల్లేదు. కిటికీ అవతల కొండలు, మంచు, అన్నీ కనిపిస్తున్నాయి, నాకేమీ అనిపించట్లేదు, అంతే. మూడు రోజులు నిద్రపోయి తిని కూర్చున్నా కూడా అదే బరువు, మాతో పాటు అది కూడా టికెట్ కొనుక్కుని వచ్చినట్టుంది.

తిరిగొచ్చిన రాత్రి ఆయనతో అన్నాను, నేను లేకపోతే మీ ముగ్గురూ ఇంకాస్త హాయిగా ఉంటారేమో అని. ఆయన ఏమీ అనలేదు, మర్నాడు షిఫ్ట్ మార్పించుకుని సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ తీశారు. దానికి నాలుగు రోజులు పట్టింది, మధ్యలో ఒక రాత్రి మరీ భయమేసి 14416కి ఫోన్ చేశా, టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడారు, డబ్బులేమీ లేవు. అత్తయ్య గారికి మాత్రం కళ్ల టెస్టుకి అని చెప్పాం. మా వైపు ఎవరైనా కాస్త తిక్కగా ఉంటే చినవాల్తేరు పంపాలి అని జోకులేస్తారు, అక్కడ మెంటల్ హాస్పిటల్ ఉంది కదా, ఆ జోకులు నేనూ వేసినదాన్నే.

డాక్టర్ గారు ఒక కాగితం ఇచ్చారు. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఎలా ఉంది అని, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. నాకు 17 వచ్చింది. దేని మీదా ఆసక్తి లేకపోవడం అనే దగ్గర రైలు గుర్తొచ్చి 3 పెట్టా. చివరిది చావు ఆలోచనల గురించి, అక్కడ పెన్ను ఆగింది, 1 పెట్టా, ఆవిడ మిగతావన్నీ వదిలేసి దాని గురించే చాలాసేపు అడిగారు. బర్నవుటేమో అన్నాను నేను. అది పనికి సంబంధించిన అలసటమ్మా, డబ్ల్యూహెచ్‌వో కూడా 2019లో దాన్ని జబ్బు కింద లెక్కేయలేదు, నీది అక్కడితో ఆగలేదు, డిప్రెషన్‌లోకి వెళ్లింది అన్నారు.

ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర రాశారు. మొదటి వారం కడుపులో వికారం, టీ వాసన కూడా పడలేదు, నిద్ర ఇంకా చెడింది. మూడో వారం దాకా ఏమీ తెలీదు అని ముందే చెప్పారు కాబట్టి ఓపిక పట్టా. రెండో నెల్లో బానే ఉంది కదా అని నా అంతట నేనే మానేశాను చూడండి, అదీ నా తెలివి, నాలుగో రోజుకి కళ్లు తిరగడం, తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం. బాగా చీవాట్లు తిన్నా. మానేటప్పుడు మెల్లగా తగ్గించుకుంటూ రావాలట.

కౌన్సెలింగ్‌లో రోజంతా ఏ గంటకి ఏం చేస్తున్నానో రాయమన్నారు. ఆ కాగితం ఆయన చూసి, చాలాసేపు చూసి, ఇకనుంచి క్యాంటీన్లో తింటాను, క్యారేజీ వద్దు అన్నారు. పదకొండేళ్లుగా కడుతున్నా, ఒక్క మాటతో పోయింది, అదేదో ముందే అనొచ్చు కదా అని ఆ రోజు మళ్లీ కోపమొచ్చింది. అత్తయ్య గారికి చివరికి తెలిసిపోయింది. "మా కాలంలో ఐదుగుర్ని పెంచాం, ఇవన్నీ ఎరగం" అన్నారు, అని ఊరుకుని మర్నాటి నుంచి పాపకి జడలు ఆవిడే వేస్తున్నారు.

పోయిన రివ్యూకి స్కోరు 6. మాత్ర ఇంకా నడుస్తోంది. వారంలో మూడు రోజులు స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ ఉక్కునగరం లోపల చెట్ల కింద నడుస్తున్నా, మిగతా రోజులు బద్ధకమే. మొన్న మే నెల ఎండలో బస్సు దిగితే రోడ్డు పక్కన తాటి ముంజలు పెట్టారు. డజను కొన్నాను. ఇంటి దాకా ఆగలేక అక్కడే నిలబడి రెండు తినేశా, నీళ్లు చీర మీద కారాయి. ఇంటికెళ్లి కవర్ ఇస్తే మా పెద్దాడు లెక్కపెట్టి, డజనన్నావు, పదే ఉన్నాయేంటి అని అడిగాడు.