అప్పుల దేవుడి వెంట నడక

ఏ జాతరలోనైనా పెద్దరోజు అంటే కల్యాణమో, రథోత్సవమో అయి ఉంటుంది. మా పాలమూరు కురుమూర్తి స్వామికి మాత్రం పెద్దరోజు చెప్పులు వచ్చే రోజు. కార్తీక శుద్ధ సప్తమి నాడు చిన్నవడ్డెమాన్‌లో కుట్టిన తోలు చెప్పులు డప్పుల మోతతో ఊరు దాటి, వాగు దాటి, గుట్ట చేరతాయి. వాటిని ఉద్దాలు అంటాం. స్వామికి నగలు కూడా ఊరేగింపుగానే వస్తాయి, అమ్మాపురం సంస్థానం ముక్కెర వంశీకుల చేతుల మీదుగా. ఆ రోజూ జనం వస్తారు. కానీ ఇసకేస్తే రాలనంత జనం వచ్చేది చెప్పుల కోసమే. నడక అలవాటున్న మనిషిగా నాకు ఇందులో వింతేమీ కనబడదు.

కథ కూడా నడిచేవాళ్ల కథే. తిరుపతి వెంకన్న పెళ్లికోసం కుబేరుడి దగ్గర అప్పు చేశాడు కదా, అది తీర్చలేక మనసు విరిగి ఉత్తరం దిక్కుగా కాలినడకన బయలుదేరాడట. కృష్ణ ఒడ్డున కందిపోయిన ఆయన పాదాలు చూసి కృష్ణమ్మ పాదుకలిచ్చిందట. అవి తొడుక్కుని వచ్చి ఈ గుట్టల్లో నిలిచిపోయాడు. తిరుమలలాగే ఇక్కడా ఏడు కొండలే. పేదల తిరుపతి అని పేరు.

ఇంటి దగ్గర నా నడక పెద్దచెరువు కట్ట మీద. పొద్దున్నే సగం ఊరు అక్కడే ఉంటుంది. చేతి గడియారంలో అడుగులు లెక్కపెట్టుకునేవాళ్లు, షుగరు రిపోర్టులు పోల్చుకునేవాళ్లు, ఫోన్లో వడ్డీ లెక్కలు గట్టిగా మాట్లాడేవాళ్లు. వాళ్లని వెక్కిరించడం లేదు, నేనూ ఆ గుంపులోనివాణ్నే. కాకపోతే కట్ట మీద ఎంత తిరిగినా మళ్లీ బయలుదేరిన చోటికే వస్తాం. యాత్రలో ప్రతి అడుగుకీ వెనక ఊరు కొంచెం చిన్నదవుతుంది. నాకు ఆ సుఖమే వేరు.

ఈసారి దోస్తు ఒకాయన, నేను కలిసి దేవరకద్ర దాకా బస్సులో వెళ్లి, చీకటితోనే కౌకుంట్ల రోడ్డు పట్టుకున్నాం. మొదటి గంట ఆయన ఆఫీసు టెన్షన్ మొత్తం నాకు అప్పజెప్పాడు. రెండో గంటలో కొడుకు చదువు వచ్చింది. తెల్లవారి ఎండ వీపుకు తగిలేసరికి చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. అక్కడి నుంచే అసలు నడక మొదలవుతుందని నా అభిప్రాయం.

కార్తీకంలో మా రోడ్లు సగం కల్లాలే. కోసిన వడ్లు తారు మీద పరిచి ఆరబోస్తారు. బండ్లమీద పోయేవాళ్లకి అది చిరాకు. నడిచేవాళ్లకి చూడ్డానికి బోలెడంత ఉంటుంది. ఒకచోట ఓ ముసలాయన పారగానీ కట్టెగానీ పట్టుకోకుండా ఉత్త కాళ్లతోనే వడ్లు తిరగేస్తున్నాడు. పాదాలు ఎత్తకుండా వేళ్లతో గింజల్ని చీలుస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తాడు. వెనక రెండు చాళ్లు పడతాయి. కొసన తిరిగి పక్క చాలు పట్టుకుంటాడు. గింజ తడిగా ఉందో ఆరిందో అరికాలికే తెలుస్తుందట. "చేతికంటే కాలుకే బాగ తెలుస్తది సార్" అన్నాడు తల ఎత్తకుండానే. పొద్దంతా అలా ఎన్ని మైళ్లు నడుస్తాడో ఆయనకి ఏ గడియారమూ చెప్పదు.

దారిలో సీతాఫలాలు అమ్ముతుంటే కొన్నాం. నడుస్తూ తినడానికి ఇంతకు మించిన పండు లేదు. తొందరపడితే గింజ గొంతుకడ్డం పడుతుంది కాబట్టి నడక దానంతట అదే నెమ్మదిస్తుంది.

ఊర్లు దాటేకొద్దీ మనుషులు కలిశారు. మక్తల్ దిక్కు నుంచి వస్తున్న ఒక అవ్వ, నెత్తిన మూట, చేతిలో చెప్పులు. వేసుకోవచ్చు కదా అంటే గుడి దాకా వేసుకోనని మొక్కుకుందట. మరి మోసుకురావడమెందుకంటే, తిరిగి పోయేటప్పుడు కావాలి కదా అంది.

"యాడికెళ్లి నడుస్తున్నరు బిడ్డా?"

"దేవరకద్ర దాకా బస్సుల వచ్చినం అవ్వా. ఆడికెళ్లి నడకనే."

"అయితే సగం మొక్కు" అని తేల్చేసింది.

ఆమె కొడుకూ కోడలూ పుణెలో బిల్డింగు పని చేస్తారు. ఆ రాత్రికి వస్తారట. పాలమూరు నుంచి ముంబై, పుణె వలసపోయినవాళ్లు ఏ పండక్కి రాకపోయినా కురుమూర్తి జాతరకు వస్తారు. ఆ ముచ్చటే తీస్తే, "ఆయనా అప్పులకే గదా బిడ్డా ఇల్లు ఇడిసింది. మనోళ్ల లెక్కనే" అంది. స్థలపురాణానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను వినలేదు.

చిన్నవడ్డెమాన్ చేరేసరికి కాలు పెట్టే సందు లేదు. దీపావళి అమావాస్య నుంచి నియమంగా, ఉపవాసంతో ఇక్కడి దళితులు ఈ చెప్పులు కుడతారు. వాటికి ఇక్కడ గుడి ఉంది, ఆ గుడిలో పూజారులూ వాళ్లే. వెదురు చాటలో పెట్టిన ఉద్దాలను దూరం నుంచే చూడగలిగాను. ఎర్రటి కొత్త తోలు, మీద కుప్పగా పసుపు, పూలు. ఊరేగింపు కదలగానే గోవింద నామం, డప్పు, దుమ్ము ఒక్కసారే లేచాయి. ఆ గుంపులో మన నడక మన చేతిలో ఉండదు. ముందువాళ్ల మడమలు చూస్తూ అడుగు వేయడమే. పగిలిన మడమలు, పట్టీల మడమలు, కొత్త బూట్లు కరిచి బ్యాండేజీ వేసుకున్న మడమలు. తిర్మలాపూర్ దాటి ఊకచెట్టు వాగులో దిగేసరికి అన్నీ ఒకే రంగు బురద.

గుట్ట మీద ఉద్దాల మండపంలో ఆ చెప్పులతో తల మీద, వీపు మీద కొట్టించుకుంటారు. పాపాలు పోతాయని నమ్మకం. ఊళ్లో చెప్పుదెబ్బ కంటే పెద్ద అవమానం లేదు. ఇక్కడ దానికోసం క్యూ కట్టి, పూజారి మనల్ని వదిలేస్తాడేమోనని వంగి వంగి తల చూపిస్తారు. నా ముందున్నాయన తెల్లచొక్కా, మెడలో బంగారు గొలుసు, చూస్తే నలుగురికి పని చెప్పే మనిషిలా ఉన్నాడు. దెబ్బ సరిగా తగల్లేదని మళ్లీ అడిగి కొట్టించుకున్నాడు. స్వామి మాత్రం ఆ పైన పెద్ద బండ కింద గుహలోనే ఉన్నాడు.

కిందికి దిగితే మైదానమంతా పొయ్యిలే. కొత్త కుండల్లో దాసంగాలు, అంటే స్వామికి నైవేద్యం, వండేవాళ్లు ఒకవైపు, మాంసం ముక్కలు గుచ్చిన సీకులు నిప్పుల మీద కాల్చేవాళ్లు మరోవైపు. జొన్నరొట్టెతో సీకులు తింటూ మా దోస్తు, ఇంటికి నడిచే పోదామా అన్నాడు. నడిచిన తిక్క అలాగే ఉంటుంది. ఆటో ఎక్కించాను. ఆటోలోనే మాఘమాసంలో మన్యంకొండ వెంకన్న జాతరకు ఇంటి గుమ్మం నుంచే నడిచి బయలుదేరాలని అనుకున్నాం. రాయచూరు రోడ్డు మీద లారీలకు మాత్రం దడ. పొలాల గట్లవెంట దారి ఉందేమో ఆ పక్క ఊళ్లవాళ్లను అడగాలి.