ఏలగిరి కొండ మీద ఒక మూల కుంగిన బండి

తమిళనాడులోని ఏలగిరికి వెళ్దామని శనివారం తెల్లవారుజామున ఐదింటికి బెంగుళూరు మారతహళ్ళిలో బండెక్కినప్పుడు ఏడుగురం. బావ, అక్క, వాళ్ళ పిల్లలిద్దరు, అత్తయ్య, మా ఆవిడ, నేను. పైన క్యారియర్ మీద సూట్‌కేసులు, వెనక ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను, అత్తయ్య పులిహోర క్యారేజీ. నా కారులో ఇంత బరువేస్తే సిల్క్‌బోర్డు చేరేలోపే స్పీడ్ బ్రేకర్‌కి పొట్ట గీసుకునేది. బావ బండి మాత్రం అందరం ఎక్కగానే వెనక కాస్త కుంగి, ఇంజన్ స్టార్ట్ చేయగానే మళ్ళీ లేచి సమంగా నిలబడింది. ఒంటె లేచినట్టు లేస్తుందని పిల్లలకి అదో సరదా.

పదకొండేళ్ళ పాత ఫోర్ బై ఫోర్ అది. రెండేళ్ళ క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఏ కంపెనీదో చెప్పను, ఈ రోగం కంపెనీని చూసి వచ్చేది కాదు. నాలుగు చక్రాల దగ్గరా స్టీలు స్ప్రింగుల బదులు రబ్బరు సంచులు, వాటిలో గాలి. ప్రతి చక్రం దగ్గరా చిన్న చేయి లాంటి సెన్సర్ ఉండి, ఆ మూల ఎంత ఎత్తులో ఉందో కంప్యూటర్‌కి చెబుతుంది. తగ్గితే వాల్వ్ తెరిచి గాలి పంపడం, ఎక్కువైతే వదలడం, అంతే దాని పని. బరువు పెరిగితే సంచిలో ఒత్తిడీ పెరుగుతుంది, దాంతో స్ప్రింగు కూడా ఆ మేరకు గట్టిపడుతుంది. అందుకే ఒక్కడే నడిపినా ఏడుగురు కూర్చున్నా కుదుపు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. స్టీలు స్ప్రింగుతో ఈ సుఖం రాదు. బరువేస్తే తోక కిందికి, హెడ్‌లైట్లు చెట్ల మీదికి.

అత్తిబెలె దాటేదాకా బావ దీని చరిత్రే చెప్పాడు. 1955లో వచ్చిన సిత్రోయెన్ డీఎస్ అనే ఫ్రెంచి కారు ఆయిలు, గ్యాసు కలిపి ఇలా ఎత్తు సర్దుకునేదట. 1970 నాటి మొదటి రేంజ్ రోవర్‌కి వెనక ఇరుసు మీద ఒక యూనిట్ ఉండేది. దానికి గాలి నింపే కంప్రెసర్ లేదు, కరెంటు లేదు. బండి గతుకుల్లో ఊగే ఊపుతోనే తనలో తాను పంపు కొట్టుకుని తోకని పైకి లేపేది. 1992లో అదే బండిలో గాలి సంచులు, కంప్యూటరు వచ్చాయి. నాకైతే ఆ 1970 నాటి పద్ధతే నచ్చింది. అన్నాననుకోండి, బావ కృష్ణగిరి దాకా వాదిస్తాడని ఊరుకున్నాను.

హోసూరు దాటాక హైవే మీద వేగం పెరిగేకొద్దీ బండి తనంతట తానే కాస్త కిందికి దిగింది. గాలి దెబ్బ తక్కువ, నిలకడ ఎక్కువ. అప్పుడే సీటు కింద నుంచి ఒక శబ్దం వినిపించింది. పక్కింట్లో మిక్సీ తిరుగుతున్నట్టు, సన్నగా. ఓ నిమిషం తిరిగి ఆగింది. కాసేపటికి మళ్ళీ.

"బావా, అదేంది?"

"కంప్రెసర్‌లే. ఏడుగురున్నాం కదరా, పని చేయొద్దూ?"

సరే అనుకున్నాను. కానీ బరువు ఎక్కింది మారతహళ్ళిలో. బర్గూరు దాటాక కూడా దానికి ఇంకేం పని? ఒకసారి నింపిన గాలి నిండినట్టే ఉండాలి. అప్పుడు నోటిదాకా వచ్చిన ప్రశ్న ఇదే. పులిహోర పొట్లం చేతికి రావడంతో మర్చిపోయాను.

ఏలగిరి ఘాట్‌లో పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులు. ఒక్కో మలుపుకి ఒక్కో తమిళ కవి పేరో, పాత రాజు పేరో పెట్టారు. బండి మలుపులో ఒరిగినప్పుడల్లా ఇది సర్దుకుంటుందని పిల్లలు ఎదురుచూశారు, సర్దుకోలేదు. సర్దుకోకూడదు కూడా. సెన్సర్లు చెప్పే ప్రతి కదలికకీ వాల్వులు తెరుస్తూ మూస్తూ పోతే నాలుగు మలుపులకే గాలంతా ఖర్చయిపోతుంది. కంప్యూటర్ కొంతసేపటి సగటు చూసి, నెమ్మదిగా నిర్ణయం తీసుకుంటుంది. బ్రేకు మీద కాలున్నా, తలుపు తెరిచున్నా ఏమీ చేయకుండా ఊరుకుంటుంది.

పైన పుంగనూరు చెరువు, పడవలు, పనసపళ్ళు. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. చల్లగా ఉంది, పిల్లలు బాగా ఆడుకున్నారు.

ఆదివారం పొద్దున ఆరింటికి కాఫీ గ్లాసుతో బయటికి వచ్చి చూస్తే బండి ఎడమ పక్క వెనక మూల కూలబడి ఉంది. టైరుకీ పైన మడ్‌గార్డు అంచుకీ మధ్య మిగతా మూడు చోట్లా నా బెత్తెడు పట్టింది. అక్కడ మాత్రం ఒక్క వేలు కూడా దూరలేదు.

బావ వచ్చి చూసి, "రాత్రి ఆ చక్రం గట్టు మీద పెట్టాం కదా, సర్దుకుంది" అన్నాడు. ఆయన మాటలో కొంత నిజం ఉంది. కొన్ని బండ్లు ఆపేసిన తర్వాత కూడా మధ్యలో నిద్రలేచి, తక్కువ ఎత్తున్న మూలకి సరిపోయేలా మిగతావాటిని కిందికి దించుకుంటాయి. కొండ చలి కూడా ఒక కారణమే. పగలంతా తిరిగి నలభై డిగ్రీల వేడి మీదున్న గాలి తెల్లారేసరికి పదిహేడుకి చల్లారితే ఏడు శాతం దాకా కుంచించుకుంటుంది. బండి కాస్త దిగుతుంది, అది జబ్బు కాదు. కానీ చలి నాలుగు మూలలకీ ఒకటే. ఒక్క మూల మాత్రమే కూలబడితే అది లీకే.

ఇంజన్ స్టార్ట్ చేస్తే మిక్సీ మొదలైంది. ఆ మూల అంగుళం అంగుళంగా లేస్తోంది. సగం లేచాక శబ్దం ఆగి డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. కంప్రెసర్ వేడెక్కి తనని తానే ఆపుకుంది. పావుగంట చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెడితే అప్పుడు పూర్తిగా లేచింది. అక్క కొబ్బరికాయ ఒకటే కొట్టలేదు.

ఆంబూరు వెళ్ళి బిర్యానీ తిని, సాయంత్రానికి బెంగుళూరు చేరాలని మా ప్లాను. సీరగ సాంబ బియ్యం, పక్కన నూనె వంకాయ. అది పోయింది. నాకు ఇప్పటికీ ఆ బాధే ఎక్కువ.

కొండ దిగి, బర్గూరు దాటాక ఒక పంక్చర్ షాపు దగ్గర ఆపాం. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి తమిళంలో తంటాలు పడాల్సిన పని తప్పింది. ఆ షాపతను వంగి చూసి, "బస్సుకుండే బెలూన్ గదన్నా ఇది" అన్నాడు. నిజమే. బెంగుళూరు నుంచి రాత్రిళ్ళు బయల్దేరే మల్టీ యాక్సిల్ బస్సుల కింద ఉండేదీ ఇలాంటిదే, సైజు పెద్దది.

అతను చేసిన మొదటి పని నాకు బాగా నచ్చింది. చేయి లోపల పెట్టకముందే ఛాసిస్ కింద ఒక చెక్క దుంగ తోశాడు. "గాలిని నమ్మి తల పెట్టగూడదన్నా. ఎప్పుడు దిగుతాదో దానికే తెలీదు." బావని దిగమని, తలుపు తెరిచే ఉంచమన్నాడు. తర్వాత మగ్గులో సర్ఫు కలిపి, పెయింట్ బ్రష్‌తో సంచి చుట్టూ నురగ పూశాడు.

నేను పక్కనే కూర్చుని చూశాను. ఈ రబ్బరు సంచి నేరుగా ఉబ్బే బెలూన్ కాదు. మేజోడు సగం విప్పినప్పుడు మడత పడ్డట్టు, కింద ఒక పిస్టన్ మీద మడతపడి ఉంటుంది. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా ఆ మడత దొర్లుతుంది. బండి ఎక్కువకాలం ఉండేది నార్మల్ ఎత్తులోనే కాబట్టి రోజూ నలిగేది ఆ ఒక్క పట్టీయే. ఆ మడతలో ఎర్రమట్టి, ఇసుక ఇరుక్కుని ఉప్పుకాగితంలా రుద్దుతూనే ఉంటాయి. అత్తయ్య మడమల మీద పగుళ్ళు ఎలా ఉంటాయో అచ్చం అలాంటి గీతలు వరసగా కనిపించాయి. వాటిలో ఒకచోట నురగ చిన్న చిన్న బుడగలుగా లేస్తోంది. ఆవగింజంత బుడగలు, ఆగకుండా.

"ఎత్తు పెంచండి చూద్దాం" అన్నాడు. బావ తలుపు మూసి, గతుకుల దారి కోసం ఉండే ఆఫ్‌రోడ్ ఎత్తుకి మార్చాడు. మడత దొర్లి ఆ పగులు చోటు మారింది, బుడగలు ఆగిపోయాయి. నార్మల్‌కి దించితే మళ్ళీ వచ్చాయి.

ఇక్కడే నాకు విషయం వెలిగింది. ఈ లీకు నిన్నటిది కాదు. నెలల నుంచి ఉంది. గాలి పోతున్నంతసేపూ కంప్రెసర్ నింపుతూ వచ్చింది, బండి సమంగా కనిపిస్తూ వచ్చింది, బావ గర్వంగా చెప్పుకుంటూ వచ్చాడు. స్టీలు స్ప్రింగు విరిగితే ఆ రోజే ఠంగుమని తెలుస్తుంది. దీని మంచితనమే దీని జబ్బుని దాచేసింది.

"టైరులో ముప్పై అయిదు పీఎస్ఐ అయితే దీంట్లో రెండు మూడింతలుంటాది. దీనికి ప్యాచ్ వేసేది లేదన్నా" అని తేల్చేశాడు. ఎత్తు మీదే ఉంచి పొమ్మన్నాడు. డబ్బులు వద్దంటే అక్క బలవంతంగా చేతిలో పెట్టింది.

చిక్కేమిటంటే, ఆఫ్‌రోడ్ ఎత్తులో వేగం పెంచితే బండి తనంతట తానే కిందికి దిగిపోతుంది. దిగితే పగులు తెరుచుకుంటుంది. కాబట్టి నలభై దాటకూడదు. హైవే మీద నలభైలో, ఎడమ అంచున, హజార్డ్ లైట్లు వేసుకుని దాదాపు మూడు గంటలు. చెరుకు ట్రాక్టరు ఒకటి మమ్మల్ని ఓవర్‌టేక్ చేసి వెళ్ళినప్పుడు పిల్లలు కేరింతలు కొట్టారు. బావ మొహం చూడలేకపోయాను. నీళ్ళ క్యానుని ముందుకి మార్చాం, నేను కుడివైపుకి మారాను. శూలగిరి దగ్గర పెరుగన్నం తిన్నాం, ఇంజన్ ఆపకుండా, ఇద్దరిద్దరుగా దిగి.

మంగళవారం బావ జేసీ రోడ్డులో సంచులు తెచ్చాడు. ఎంతైందో ఇక్కడ రాస్తే అక్క చదువుతుంది. వెనక రెండూ జతగా మార్చారు. మెకానిక్ మదనపల్లె వైపు మనిషి. సంచులు మార్చి ఊరుకోకుండా కంప్రెసర్ డ్రయర్ కూడా విప్పాడు. బయటి గాలిలోని తేమని పీల్చుకోవడానికి అందులో సిలికా జెల్ గుళికలు ఉంటాయి, సగ్గుబియ్యంలా. కాగితం మీద ఒంపితే సగ్గుబియ్యం రాలేదు, పాయసం అడుగున మిగిలిన ముద్ద వచ్చింది. కంప్రెసర్ రాత్రీపగలూ పీల్చిన గాలిలోని తేమంతా అక్కడ నిండిపోయి, మిగిలింది వాల్వుల్లోకి పోవడం మొదలైంది. పిస్టన్ రింగు కూడా అరిగింది. చిటికెడు పగులుని నెలలపాటు వదిలేస్తే సంచితో పాటు కంప్రెసర్‌కీ ఎసరు పెడుతుందని అతను కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు.

స్టీలు స్ప్రింగులు వేసేసుకుంటే పోలా అని నేను అన్నాను. అలా మార్చే కిట్లు దొరుకుతాయి, జీవితాంతం లీకుల గొడవ ఉండదు. మెకానిక్ ఏమీ అనలేదు. బావ మాత్రం తనని శాకాహారానికి మారమన్నట్టు చూశాడు. ఏడుగురితో ఆ ఘాట్ ఎక్కినప్పటి సుఖం గుర్తొస్తే నాకూ గట్టిగా వాదించాలనిపించలేదు.

ముందువి రెండూ బాగానే ఉన్నాయని వదిలేశారు. వాటి వయసూ పదకొండేళ్ళే. నెలకోసారి బండిని పూర్తిగా పైకి లేపి, మడతల్లో నీళ్ళు కొట్టి మట్టి కడగమని, పొద్దున్నే స్టార్ట్ చేయకముందే నాలుగు మూలలూ చేత్తో కొలవమని మెకానిక్ చెప్పాడు. అప్పటినుంచి బావ రోజూ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో గొంతుక్కూర్చుని, టైరు మీద బెత్తెడు పెట్టి, నాలుగు ఫోటోలు నాకు వాట్సాప్ చేస్తున్నాడు. వాచ్‌మన్ మొదట్లో వాస్తు అనుకున్నాడట.

నిన్నటి ఫోటోల్లో ముందు కుడివైపు మూడు వేళ్ళే పట్టాయి.