నిండడం, ఖాళీ కావడం: క్వాంటం డాట్లతో ఒక పాఠం

పరిశోధన తొలి ఏడాదిలో, టొల్యూన్‌లో కలిపిన కాడ్మియం సెలినైడ్ క్వాంటం డాట్ల (కొన్ని నానోమీటర్ల అర్ధవాహక స్ఫటికాల) అరేఖీయ వక్రీభవనాన్ని, అంటే కాంతి తీవ్రతతో పాటు మారే వక్రీభవనాన్ని, జెడ్-స్కాన్ పద్ధతిలో (నమూనాను లేజరు కేంద్రం గుండా జరుపుతూ) కొలిచినప్పుడు, పత్రాల్లో చదివిన విలువలకు ఎన్నో రెట్లు పెద్ద విలువ రావడంతో రెండు రోజులు పొంగిపోయాను. మూడో రోజు లెక్క వేసుకున్నాక ఆ పొంగు చల్లారింది.

నేను వాడింది సెకనుకు 8 కోట్ల పల్సులనిచ్చే టైటానియం-సఫైర్ లేజరు. పల్సుకూ పల్సుకూ మధ్య ఎడం 12.5 నానోసెకండ్లు. కిరణం కేంద్రీకృతమైన చోట దాని వ్యాసార్ధం 20 మైక్రాన్లనుకుంటే, అక్కడ పుట్టిన వేడి టొల్యూన్‌లోకి చెదిరిపోవడానికి సుమారు 1 మిల్లీసెకండు పడుతుంది. అంటే ఒక పల్సు విడిచిన వేడి పోయేలోపు మరో 80 వేల పల్సులు వచ్చి పడుతున్నాయన్నమాట. నేను కొలిచింది డాట్ల స్పందనను కాదు, వేడెక్కిన ద్రావణి తనంతట తాను ఏర్పరచుకున్న కటకాన్ని. ఉష్ణ కటకం గుర్తు రుణాత్మకం, అంటే అది కిరణాన్ని విప్పారజేస్తుంది. ఈ ఫోటాన్ శక్తుల దగ్గర డాట్ల సొంత ఎలక్ట్రానిక్ వక్రీభవనం గుర్తు కూడా రుణాత్మకం కావచ్చు కనుక, గుర్తును చూసి రెండింటినీ వేరుచేయడం సాధ్యం కాలేదు. సెకనుకు వెయ్యి పల్సుల లేజరుతో మళ్లీ కొలిచాక ఆ పెద్ద విలువ కూలిపోయింది.

అసలు నేను వెతికిన గుణమే వేరే పనికి చెందినది. సుమారు 4 నానోమీటర్ల కాడ్మియం సెలినైడ్ డాట్ తొలి శోషణ శక్తి 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది. నా లేజరు ఇచ్చే 800 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 1.55 మాత్రమే. ఒక్క ఫోటాన్ చాలదు గనుక రెండు కలిసి శోషితమవుతాయి, తీవ్రత పెరిగేకొద్దీ శోషణ పెరుగుతుంది. కంటికీ సెన్సార్లకూ రక్షణ కల్పించడానికి అది మంచిదే. అతివేగ లేజరుకు కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు: బలహీనమైన కాంతిని మింగి, బలమైన కాంతిని వదిలే సంతృప్త శోషకం. లేజరు కుహరంలో యాదృచ్ఛికంగా తలెత్తిన చిన్న శిఖరం ఆ శోషకం గుండా తక్కువ నష్టంతో సాగిపోతూ, ప్రతి చుట్టుకూ చుట్టూ ఉన్న మసక కాంతిని వెనక్కు నెడుతూ, చివరకు పొట్టి పల్సుగా స్థిరపడుతుంది. దీన్నే మోడ్ లాకింగ్ అంటారు.

ఈ పనిలో డాట్ విలువ దానిలో స్థానాలు కొద్దిగానే ఉండడంలో ఉంది. చిప్ మీది లేజర్లలో వాడే ఇండియం ఆర్సెనైడ్ డాట్‌లో అట్టడుగు ఎలక్ట్రాన్ స్థాయిలో పౌలీ నియమం ప్రకారం రెండే ఎలక్ట్రాన్లు పడతాయి కనుక, తక్కువ శక్తితోనే అది నిండిపోయి శోషణ ఆగిపోతుంది.

రెండో మేలు లోపంగా చెప్పుకునే దాని నుంచే వస్తుంది. గాలియం ఆర్సెనైడ్ మీద ఇండియం ఆర్సెనైడ్‌ను పేరిస్తే, స్ఫటిక జాలకాల మధ్య ఉన్న సుమారు 7 శాతం తేడా వల్ల ఒత్తిడి పెరిగి, పొర దానంతటదే దీవులుగా విడిపోతుంది. ఏ రెండు దీవులూ ఒకే పరిమాణంలో ఉండవు. రంగు శుద్ధంగా ఉండాలనే టీవీ తెరలవారికి ఇది తలనొప్పి. కొలాయిడ్ డాట్ల (ద్రవంలో తయారై తేలే డాట్ల) పరిమాణాన్ని ఒకేలా నిలపడంలో 1993లో రసాయన శాస్త్రవేత్త మౌంగి బావెండి బృందం సాధించిన పురోగతికి 2023 రసాయన నోబెల్‌లో పెద్ద వాటా ఉంది. కానీ 1.3 మైక్రాన్ల దగ్గర 100 ఫెమ్టోసెకండ్ల పల్సు కావాలంటే దాదాపు 20 నానోమీటర్ల వెడల్పున్న వర్ణపటం అవసరం. ఆ వెడల్పును ఇచ్చేది, రకరకాల పరిమాణాల డాట్లు కలిసి ఉన్న ఈ గుంపే.

ఇక మిగిలింది, తర్వాతి పల్సు కోసం శోషకం ఖాళీ కావడం. కొలాయిడ్ డాట్‌లో ఒక్క ఎక్సైటాన్ (ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ అయిన హోల్ కలిసిన జంట) కాంతిగా మారడానికి నానోసెకండ్లు పట్టవచ్చు. రెండు ఎక్సైటాన్లుంటే ఓజే ప్రక్రియ (ఒక జంట తన శక్తిని కాంతిగా కాక మరో కణానికి ఇచ్చేయడం) ఖాళీ కావడాన్ని ఎన్నో రెట్లు త్వరపరుస్తుంది. చిప్ మీది లేజరులో మాత్రం శోషక భాగానికి రివర్స్ బయస్ (ఎదురు దిశ వోల్టేజి) ఇచ్చి, ఎలక్ట్రాన్లనూ హోల్స్‌నూ విద్యుత్ క్షేత్రంతో బయటకు లాగేయవచ్చు. వోల్టేజి పెంచేకొద్దీ కోలుకునే వేళ పదుల పికోసెకండ్ల నుంచి 1 పికోసెకండు దిశగా తగ్గుతుంది. అయితే శోషణ అంచు కూడా ఎర్ర వైపు జరుగుతుంది కనుక, ఎంత వోల్టేజి ఇవ్వాలన్నది ప్రతి లేజరుకూ విడిగా తేల్చుకోవలసిందే.