మా వాడి లాంగ్‌రైఫిల్, మా నాన్న ఉలి

మా పెద్దోడు తుపాకి తయారు చేస్తున్నాడు అని చెప్పగానే మనవాళ్ళ మొహాలు మారిపోతాయి. పోయిన సంక్రాంతికి అందరం కలిసినప్పుడు ఒకావిడ చేతిలో ప్లేటు పక్కన పెట్టేసి "మీరు ఎలా ఊరుకున్నారండీ" అని అడిగింది. ఊరుకోలేదు, నేనూ మా ఆవిడా ఇద్దరం చాలాకాలం వద్దనే అన్నాం, ఇప్పుడేమో శనివారం వస్తే వాడితో పాటు నేను కూడా ఆ షెడ్‌లో కూర్చుంటున్నా. మధ్యలో ఏం జరిగిందో రాస్తే ఇక్కడ అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న వాళ్ళకి ఎవరికైనా పనికొస్తుందేమో అని రాస్తున్నా.

ముందు ఆ భయం సంగతి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో మన తెలుగు ఇంజనీర్‌ని, ఆఫీస్ అయ్యాక ఫ్రెండ్‌తో బార్‌లో కూర్చున్నవాడిని, మా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్చి చంపారు, పక్కనున్న ఫ్రెండ్‌కీ, ఆపబోయిన ఒక అమెరికన్ కుర్రాడికీ కూడా బుల్లెట్లు తగిలాయి. ఆ వారం ఇండియా నుంచి ఫోన్లు ఆగలేదు, మా అమ్మ అయితే ఇంక వచ్చేయండి అనే మాట. పైగా మా పిల్లలు చిన్న క్లాసుల నుంచే స్కూల్లోకి ఎవరైనా తుపాకితో వస్తే ఏం చెయ్యాలో అని లైట్లు ఆర్పేసి బల్లల కింద దాక్కునే డ్రిల్లులు చేస్తూ పెరిగారు. అలాంటి ఇంట్లో పదహారేళ్ళ పిల్లాడు వచ్చి నాన్నా నేను రైఫిల్ చేస్తా అంటే, మా ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు.

మేం ఉండేది పెన్సిల్వేనియాలో, బెత్లెహెం దగ్గర. పక్కనే నజరెత్, ఆ పక్కన జేకబ్స్‌బర్గ్‌లో పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్ మ్యూజియం ఉంది, స్కూల్ వాళ్ళు తీసుకెళ్తే అక్కడ చూసొచ్చాడు. వచ్చినప్పటి నుంచీ అదే ధ్యాస. నేను తుపాకి అనగానే సినిమాల్లో తుపాకి ఊహించుకున్నా, వీడు చూపించింది వేరే. నిలబెడితే వాడి భుజం దాటే పొడవు, సన్నటి ఎనిమిది పలకల ఇనప గొట్టం, చారలు చారలుగా మెరిసే మేపుల్ కర్ర, ఇత్తడి రేకులు. మూతి దగ్గర నుంచి తుపాకి మందు పోసి, నూనె పూసిన బట్టముక్కలో సీసం గుండు పెట్టి, కర్రతో కిందదాకా దిగ్గొట్టి, చెకుముకి రాయితో పేల్చాలి. ఒక్కసారి పేలిస్తే మళ్ళీ మొత్తం మొదటి నుంచి.

దీని కథ విన్నాక నా మనసు కొంచెం కదిలింది, ఆ మాట దాచను. 1700ల మొదట్లో జర్మన్ మాట్లాడే వాళ్ళు గుంపులు గుంపులుగా పెన్సిల్వేనియాకి వలస వచ్చారు, వాళ్ళలో తుపాకుల పనివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ ఊళ్ళల్లో చేసేది యేగర్ అనే వేట తుపాకి, పొట్టిగా, లావు గొట్టంతో, సుమారు 30 అంగుళాలు, పెద్ద గుండు పట్టేది. ఇక్కడికొచ్చాక అది పనికిరాలేదు. ఇక్కడ అడవిలోకి వెళ్తే వారాల తరబడి ఉండాలి, సీసం మందు అన్నీ మోసుకెళ్ళాలి. అందుకని గొట్టం 42, 44 అంగుళాలకి సాగింది, బోరు, అంటే లోపలి బెజ్జం వెడల్పు, అర అంగుళానికి, అంతకన్నా తక్కువకి కూడా తగ్గింది. పౌను సీసం కరిగిస్తే యేగర్‌కి ఇరవై చిల్లర గుండ్లు వస్తే దీనికి దాదాపు 40 వస్తాయి, అంత తేడా అన్నమాట. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు మాత్రం జర్మనీలో లాగే ఉంచేశారు, గుండు గిర్రున తిరుగుతూ తిన్నగా పోయేది వాటి వల్లే. కర్ర మాత్రం ఇక్కడి మేపుల్ అయిపోయింది. యాభై అరవై ఏళ్ళు గడిచేసరికి అది జర్మన్ తుపాకీ కాదు, ఇంగ్లీష్ తుపాకీ కాదు.

జేకబ్ డికర్ట్ అని పెన్సిల్వేనియాలోనే లాంకాస్టర్ అనే ఊళ్ళో పేరున్న పనివాడు ఒకాయన ఉండేవాడు. 1740లో జర్మనీలో మెయింజ్‌లో పుట్టాడు, చిన్నప్పుడే అమ్మానాన్నలతో కలిసి ఇక్కడికి వచ్చేశాడు, 1822లో పోయేదాకా ఇక్కడే. మావాడు నాకు ఇది చెప్పి "నాన్నా, ఆయన కూడా నాలాగే ఇంట్లో ఒక భాష బయట ఒక భాష" అన్నాడు. వాడు ఏదో ఆర్గ్యుమెంట్ గెలవడానికి అన్నాడని మొదట అనుకున్నా, తర్వాత చూస్తే వాడికి నిజంగానే ఆయన మీద అభిమానం. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి ఈ దేశం చరిత్రలో తమలాంటి వాళ్ళు కనపడటం అరుదు, మేఫ్లవర్ ఓడలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన వాళ్ళ కథ వాళ్ళది కాదు, స్వాతంత్ర్య పోరాటం కథ వాళ్ళ తాతలది కానీ వేరే దేశంది. వాడికి వాడే వెతుక్కున్నాడు ఒకడిని.

నేర్పేది మా వీధి చివర పెద్దాయన. వాళ్ళ పూర్వీకులు ఆ జర్మన్లే. మొదటి రోజు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి రూల్స్ చెప్పారు: మందు ఆయన ఇంట్లోనే తాళంలో ఉంటుంది, ఆయన పక్కన లేకుండా పేల్చడం ఉండదు, తయారైనా తుపాకి మా ఇంటికి రావాలా వద్దా అనేది మా ఆవిడ ఇష్టం. ఆ చివరి మాటకి మా ఆవిడ సగం మెత్తబడింది. చట్టం విషయం కూడా చాలామంది అడుగుతున్నారు. 1968 గన్ కంట్రోల్ యాక్ట్‌లో ఇలాంటి పాతకాలం నమూనా చెకుముకి తుపాకి మామూలు ఫైర్‌ఆర్మ్ లెక్కలోకి రాదు, కానీ రాష్ట్రాల రూల్స్ వేరువేరుగా ఉంటాయి, ఎవరికి వాళ్ళు కనుక్కోవాలి. మన దగ్గర అయితే నాటు తుపాకికి కూడా లైసెన్స్ ఉండాల్సిందే, అందుకే మా నాన్న మొదటి ప్రశ్న "ఒరేయ్ పోలీసులొస్తార్రా" అని.

ఇంక మా నాన్న సంగతి. ఆయన వడ్రంగి, తెనాలి దగ్గర పల్లెటూళ్ళో. గుమ్మాలు, బండి చక్రాలు, నాగళ్ళు, పెళ్ళి పీటలు అన్నీ చేసేవాడు. నన్ను మాత్రం ఉలి ముట్టుకోనిచ్చేవాడు కాదు, చదువుకోరా అనేవాడు, దగ్గరికెళ్తే చేతిలోంచి లాగేసుకునేవాడు. చదువుకున్నా, అమెరికా వచ్చా, ఆయన కోరుకున్నదే జరిగింది. కానీ మా ఇంట్లో ఎన్ని తరాల నుంచో వస్తున్న పని నా దగ్గర ఆగిపోయింది, పిల్లలకి ఇవ్వడానికి నా చేతిలో ఏమీ లేదు, తెలుగు క్లాసులు, శ్లోకాలు, పండగలు ఇవే ఇచ్చా. మావాడు తాతతో ఫోన్‌లో మాట్లాడేది బాగున్నావా తాతయ్యా, తిన్నావా, అంతే, ఫోన్ చెల్లికి ఇచ్చేసేవాడు.

గొట్టం కర్రలో దించే పని మొదలయ్యాక అది మారింది. ఈ పని దగ్గర నుంచి చూడాలి. గొట్టం అంతా ఒకే లావు ఉండదు, రెండు చివర్లా లావు, మధ్యలో సన్నం, దానికి తగ్గట్టు కర్రలో గాడి తవ్వాలి, ఎనిమిది పలకల్లో కింది ఐదు పలకలూ కర్రకి అతుక్కోవాలి, మధ్యలో కాగితం దూరే సందు ఉండకూడదు. గొట్టానికి నూనెలో కలిపిన మసి రాస్తారు, అచ్చం కాటుకే, రాసి గాడిలో పెట్టి నొక్కి తీస్తే ఎక్కడ తగులుతుందో అక్కడ నల్లగా అంటుకుంటుంది, ఆ నలుపు మాత్రమే ఉలితో గీకాలి, మళ్ళీ రాయాలి, మళ్ళీ పెట్టాలి. తొందరపడి కొంచెం ఎక్కువ తీశావా, ఇంక అది అతికించేది కాదు. సాయంత్రానికి వాడి చేతులు, మొహం, చెవులు అన్నీ నలుపే. ఫోన్ లేదు, గేమ్ లేదు, మాట లేదు.

కానీ కర్ర లేచిపోతోంది. చారల మేపుల్‌లో నార తిన్నగా ఉండదు, అలలు అలలుగా ఉంటుంది, ఆ చారలు దాని వల్లే, ఎటునుంచి ఉలి పెట్టినా ఎక్కడో ఒకచోట పెచ్చు లేస్తుంది. ఆదివారం పొద్దున నాన్నకి వీడియో కాల్‌లో చూపించా. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కెమెరా దగ్గరికి తీసుకురమ్మని, ఒక్క నిమిషం చూసి, "ఉలి మొద్దుది. చేతి మీద వెంట్రుక తెగాలి, అప్పుడు పెట్టు కర్ర మీద" అన్నాడు. వీడు చేతి మీద పెట్టి చూపించాడు, తెగలేదు. అప్పుడు మొదలైంది క్లాసు. సానరాయి ఎలా తడపాలి, ఉలి వీపు ముందు మట్టం ఎలా చెయ్యాలి, ఎటు తిప్పి తియ్యాలి. పైపైన నున్నగా గీకడానికి గాజు పెంకు వాడమన్నాడు, పగిలిన గాజు అంచుతో గీకితే అలల కర్ర కూడా లేవదు అని. మావాడు భయపడుతూ వెళ్ళి పెద్దాయనకి చెప్తే ఆయన నవ్వి మా తాత కూడా అదే వాడేవాడు అన్నారట.

ఆ తర్వాత ఇద్దరూ నేను లేకుండానే మాట్లాడుకుంటున్నారు. ఉలి, ఆకురాయి, బర్మా, చిత్రిక అన్నీ వాడి నోట్లో ఆడుతున్నాయి. లాక్‌లో, అంటే చెకుముకి రాయిని కొట్టి నిప్పు పుట్టించే భాగంలో, పెద్ద స్ప్రింగ్ వాడే చేశాడు, ఉక్కు బద్ద కొలిమిలో ఎర్రగా కాల్చి, వంచి, మళ్ళీ కాల్చి నూనెలో ముంచి, తర్వాత నీలి రంగు తేలేదాకా మెల్లగా వేడిచేసి. మొదటిది పుటుక్కున విరిగిపోతే నాన్న "నీలం రాకముందే ఆపేశావు కదా, కమ్మరి రాములు బాబాయి కూడా ఇలాగే తిట్టేవాడు నన్ను" అన్నాడు. మా ఊళ్ళో కమ్మరి కొలిమి పక్కన మా నాన్న చిన్నప్పుడు తిట్లు తిన్నాడని నాకు అప్పటిదాకా తెలీదు. (గొట్టం మాత్రం కొన్నదే, దాన్ని చేతితో చెయ్యడం ఇంకో స్థాయి పని. వర్జీనియా రాష్ట్రం విలియమ్స్‌బర్గ్‌లో వాలెస్ గస్లర్ అనే ఆయన 1960ల్లో ఇనుము కాల్చి అతికించి గొట్టంతో సహా మొత్తం పాత పద్ధతిలో చేసి చూపించాడు. మావాడికి ఆయన దేవుడు.)

తర్వాత చెక్కడం దగ్గర పెద్ద చర్చ జరిగింది. చెంప ఆనించే చోట వెనకాల పూలతీగల్లాంటి మెలికలు చెక్కుతారు, ఒక్కో ఊరికి ఒక్కో బాణీ, లాంకాస్టర్ వాళ్ళది ఒకటి, మా లీహై వాళ్ళది ఒకటి, కర్ర వంపు చూసి కూడా ఏ ఊరిదో చెప్పేస్తారు. నాకేమో అక్కడ ఒక మామిడి పిందె చెక్కితే బాగుంటుంది అనిపించింది, మనది కూడా ఒకటి ఉండాలి కదా అని. మా ఆవిడ హంస అంది. సరే నాన్నని అడుగుదాం, ఆయన జీవితమంతా గుమ్మాల మీద హంసలు లతలు చెక్కినవాడు, తప్పకుండా మా వైపే ఉంటాడు అనుకున్నా. ఆయన ససేమిరా వద్దన్నాడు. "ఆ పనికి ఒక లెక్క ఉంది. వాళ్ళ పెద్దోళ్ళు పెట్టిన లెక్క. నేర్చుకునేవాడు ముందు అది తప్పు లేకుండా చెయ్యాలి. హంస కావాలంటే నేనొచ్చి వేరే చెక్క మీద నేర్పుతా" అన్నాడు. మావాడు కూడా అదే మాట ముందునుంచీ అంటున్నాడు, మేమే వినలేదు. ఇప్పుడు లీహై బాణీలోనే చెక్కుతున్నాడు, పాత తుపాకుల ఫొటోలు పక్కన పెట్టుకుని. రెండు సంస్కృతుల పిల్లాడు కాబట్టి ప్రతి వస్తువులోనూ రెండూ కలపాలి అని మనమే అనుకుంటాం. వాడికి ఆ అవసరం లేదు, దీన్ని దీనిలా చేస్తాడు, దాన్ని దానిలా చేస్తాడు.

దసరాకి ఆయుధ పూజలో ఉలులు, ఆకురాళ్ళు, సానరాయి అన్నీ పెట్టి పసుపు కుంకుమ పెట్టాడు, ఎవరూ చెప్పలేదు. తుపాకి మాత్రం మా ఆవిడ పూజగదిలోకి ఒప్పుకోలేదు, వాడు కూడా అడగలేదు. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత చెకుముకి తుపాకులకే ప్రత్యేకంగా జింకల సీజన్ ఉంటుంది, దానికి వెళ్తానంటాడేమో అని నాకు లోపల ఉంది, ఇప్పటికైతే కాగితం టార్గెట్ అనే ఒప్పందం. పద్దెనిమిది వచ్చాక వాడి నిర్ణయం వాడిది, అప్పుడు కూడా నాకు నచ్చకపోతే నచ్చలేదనే చెప్తా.

నాన్న ఏప్రిల్‌లో వస్తున్నాడు. ఉలులు చెక్‌ఇన్ సూట్‌కేస్‌లోనే పెట్టాలి, చేతి బ్యాగ్‌లో పెడితే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు అని మావాడే ఫోన్ చేసి చెప్పాడు. కర్రకి రంగెక్కించే పని అప్పటిదాకా ఆపి ఉంచాడు. ఇనుము కరిగించిన నైట్రిక్ యాసిడ్ కర్రకి పూసి, ఎర్రగా కాలిన ఇనుము దగ్గరగా పెడితే, ఆకుపచ్చగా ఉన్నది ఎర్రటి గోధుమ రంగులోకి తిరిగి చారలన్నీ ఒక్కసారి పైకి తేలతాయి. అది తాతయ్య ముందే చేస్తాడట. ఇంకా ఇత్తడి రేకులు దించాలి, గుండ్లు పోసే అచ్చు కొనాలి, పేపర్ టార్గెట్ ఎక్కడ కట్టాలో పెద్దాయనతో మాట్లాడాలి.