వావరుకి మొక్కి వచ్చి, పాత స్వామితో మాట్లాడమా?

శబరిమల దారిలో ఎరుమేలిలో దిగగానే ఒంటికి రంగులు పూసుకుంటాం, శరకోల అనే చెక్క బాణం పట్టుకుంటాం, "స్వామి తింతకతోం, అయ్యప్ప తింతకతోం" అంటూ చిందులేస్తూ పేటతుళ్ళి ఆడతాం. పేటశాస్తా గుడి దగ్గర మొదలుపెట్టి, ఎదురుగా, అయ్యప్ప ముస్లిం స్నేహితుడు వావరు పేరిట ఉన్న మసీదుకు వెళ్ళి ప్రదక్షిణ చేసి, ఆ తర్వాతే ఆ ఊళ్ళోని పెద్ద గుడికి నడుస్తాం. ఇది స్వాములందరికీ తెలిసిందే.

మకరజ్యోతికి ముందు జనవరిలో జరిగే పెద్ద పేటతుళ్ళి సంగతి మాత్రం కాస్త ఆగి తలుచుకోవాలి. ముందు వచ్చే అంబలప్పుళ ఊరి జట్టు మసీదులోకి వెళ్తుంది. అక్కడి నుంచి వావరు ప్రతినిధి వాళ్ళతో కలిసి నడుస్తారు. వెనక వచ్చే ఆలంగాడు ఊరి జట్టు మసీదులోకి వెళ్ళదు. ఎందుకంటే వావరు అప్పటికే ముందు జట్టుతో బయల్దేరిపోయారని వాళ్ళ నమ్మకం. అయ్యప్ప స్నేహితుడు ఏటేటా ఆయన కోసం కొండకు బయల్దేరుతూనే ఉంటాడన్నమాట! అక్కడ శబరిమల సన్నిధానంలో కూడా వావరు నడ, అంటే ఆయన సన్నిధి, పద్దెనిమిది మెట్లకు దగ్గరలోనే ఉంది. మా గురుస్వామి చెప్పే కథలో ఇద్దరూ మొదట యుద్ధం చేసి, తర్వాత స్నేహితులయ్యారు. స్నేహం కుదిరాక అయ్యప్ప ఆయన మెడలో దీక్ష మాల వేశాడని ఆ కథలో ఎక్కడా లేదు.

ఇంత తెలిసిన మనం ఊళ్ళో ఏం చేస్తున్నాం? మొదటిసారి మాల వేసి మాతో కన్నెస్వామిగా ఇరుముడి ఎత్తినవాడు ఇప్పుడు చర్చికి వెళ్తున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజే వాడి నంబరు గ్రూపులోంచి తీసేశారు. కొందరు అంతటితో ఊరుకోక, రోజూ పొద్దున్నే వాడికి గీతా శ్లోకాలు ఫార్వర్డ్ చేస్తున్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. "న చాశుశ్రూషవే వాచ్యం", వినాలని లేనివాడికి ఇది చెప్పొద్దని అదే గీతలో, 18వ అధ్యాయంలో, కృష్ణస్వామే అన్నాడు కదా!

"వావరు పుట్టుకతోనే వేరే మతం, వీడు మనల్ని వదిలేసి పోయాడు, రెండూ ఒకటెలా అవుతాయి?" అని ఒక స్వామి నన్ను నిలదీశారు. నిజమే, ఒకటి కావు. ఇది ఎక్కువ నొప్పి. పక్కపక్కనే చాప మీద పడుకుని, తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకుని వణుకుతూ శరణుఘోష చెప్పినవాడు కదా. కానీ అర్జునుడికి అంతా బోధించాక కృష్ణుడు చివర్లో ఏమన్నాడు? "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు." బాగా ఆలోచించుకో, నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. అర్జునుడు విల్లు అక్కడే వదిలేసి వెళ్ళిపోయినా ఆ మాట ఆ మాటే. స్వామే ఇచ్చిన ఆ వీలు మనం లాక్కుంటామా?

ఇక ప్రసాదం గొడవ. అరవణ డబ్బా ఇస్తే వాడు వద్దన్నాడని మనవాళ్ళకు కోపం. వాడు చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాక, దీక్షలో ఉండగా మనం వాళ్ళింట్లో కాఫీ అయినా తాగామా? వాడేమీ నొచ్చుకోలేదే! మండల పూజకు ఒకటి రెండు రోజుల ముందే క్రిస్మస్ వస్తుంది. నేను మాలలో ఉన్నానని, కేకులో గుడ్డు ఉంటుందని, వాడు నాకు అరటిపళ్ళు పంపాడు. మన నియమం వాడికింకా గుర్తుంది. వాడి నియమం మనం గుర్తుపెట్టుకోలేమా?

వాడు మళ్ళీ మాల వేసుకుంటాడన్న ఆశతో మాత్రం స్నేహం చేయకండి. అది ఎదుటివాడికి ఇట్టే తెలిసిపోతుంది. పడిపూజకు పిలవండి, రానంటే సరేననండి. ఈ ఏడు యాత్ర నుంచి రాగానే ఒక ఫోన్ కొట్టండి. జ్యోతి కబుర్లు, శరణుఘోష వీడియోలు ఏమీ వద్దు. వాళ్ళమ్మగారి మోకాలి ఆపరేషన్ అయిందట, ఇప్పుడు నడవగలుగుతున్నారా అని అడగండి. అప్పటి దీక్షల్లో మనందరికీ ఎన్నిసార్లు భిక్ష పెట్టిందో ఆవిడ.