ట్రాన్స్‌ఫర్ పిల్ల సొరోరిటీకి వెళ్తానంటే

మా అమ్మాయి ఈ ఆగస్టులో సొరోరిటీ (కాలేజీ అమ్మాయిల సంఘం) రిక్రూట్‌మెంట్‌కి, అంటే కొత్త సభ్యుల ఎంపికకి, వెళ్తోంది. హైస్కూల్ అయిన వెంటనే వెళ్ళే ఫ్రెష్‌మన్‌లా కాదు, కమ్యూనిటీ కాలేజీలో (ఊళ్ళోనే ఉండే రెండేళ్ళ కాలేజీ) ఒక ఏడాది చదివి, టెక్సాస్‌లోనే ఇంకో ఊళ్ళో ఉన్న పెద్ద యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయి వెళ్తోంది. ఇలా వెళ్ళిన తెలుగు పిల్లలు లేకపోలేదు గానీ, వాళ్ళ అమ్మానాన్నలు నోరు విప్పి చెప్పగా నేను పెద్దగా వినలేదు. కమ్యూనిటీ కాలేజీ, సొరోరిటీ, రెండూ మనవాళ్ళు నలుగురిలో చెప్పుకోడానికి ఇష్టపడని మాటలే మరి. అందుకే నాకు తెలిసినవి రాసి పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తే వాడుకోండి.

కమ్యూనిటీ కాలేజీ సంగతి త్వరగా చెప్పేస్తాను. డల్లాస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో స్కూళ్ళలో పోటీ ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. యూటీ ఆస్టిన్‌లో, అంటే యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో, ఆటోమేటిక్‌గా సీటు రావాలంటే ఇప్పుడు క్లాసులో మొదటి 5 శాతంలో ఉండాలి. మా అమ్మాయి లేదు. టెక్సాస్ పబ్లిక్ కాలేజీలన్నిటికీ అందరూ చదవాల్సిన 42 క్రెడిట్ల కోర్ ఒకటుంది, దాన్ని కమ్యూనిటీ కాలేజీలో పూర్తిచేసినా రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీలు మొత్తంగా ఒప్పుకుంటాయి, ఫీజు చాలా తక్కువ, పిల్ల ఇంట్లోనే ఉంటుంది. లెక్కలు తెలిసిన ఎవరైనా మంచి పనే అంటారు. కానీ బర్త్‌డే పార్టీల్లో "పాప ఎక్కడ చదువుతోందండీ?" అని అడిగి, జవాబు విన్నాక "ఓ… పర్లేదులెండి, తర్వాత మారొచ్చుగా" అని ఓదారుస్తారు చూడండి, అది మాకు తగిలితే తగిలింది, పక్కనే ప్లేటు పట్టుకుని నిలబడ్డ పిల్లకి కూడా తగిలింది.

సొరోరిటీ ఆలోచన ఎందుకొచ్చిందంటే, ట్రాన్స్‌ఫర్ అయ్యే పిల్లలకి చదువు కన్నా మనుషుల్ని వెతుక్కోవడం కష్టం. డార్మ్‌లో మొదటి ఏడాదిలోనే మిగతావాళ్ళకి స్నేహాలు కుదిరిపోయి ఉంటాయి, రెండో ఏడాదికి ఎవరితో అపార్ట్‌మెంట్ తీసుకోవాలో కూడా తేలిపోయి ఉంటుంది. మా అమ్మాయేమో ఏడాదంతా కారులో కాలేజీకి వెళ్ళి, క్లాసు అవగానే కారులో ఇంటికొచ్చింది. ఒకరోజు తనే చెప్పింది, "అమ్మా, నాకు పార్టీలక్కర్లేదు, వెళ్ళగానే భోజనానికి పిలవడానికి నలుగురు కావాలి" అని. దానికి నా దగ్గర ఎదురు మాట లేదు.

మా ఆయన అడిగినవి మాత్రం వేరే. అక్కడ తాగుతారా, ర్యాగింగ్ ఉంటుందా, ఎంతవుతుంది. ఈ మూడూ ప్రతి తెలుగు తండ్రీ అడుగుతాడు కాబట్టి ఒక్కోటీ చెప్తాను.

తాగుడు గురించి. మనం టీవీలో చూసే సొరోరిటీల్లో ఎక్కువ భాగం నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అనే గొడుగు కింద ఉంటాయి. అది 1902లో మొదలైంది, ఇప్పుడు అందులో 26 సొరోరిటీలు ఉన్నాయి. రిక్రూట్‌మెంట్ జరిగే రోజుల్లో మందు ఉండకూడదు, ఇది వాళ్ళ నియమం. సొరోరిటీ అమ్మాయిలు కలిసి ఉండే ఇళ్ళలో కూడా సాధారణంగా మందుకి అనుమతి లేదు. పార్టీలు జరిగేది అబ్బాయిల ఫ్రెటర్నిటీ ఇళ్ళలో, అక్కడికి వీళ్ళు వెళ్తారు. కాబట్టి "ఉండదు" అని మా ఆయనకి అబద్ధం చెప్పలేదు, సొరోరిటీలో లేకపోయినా ఆ పార్టీలకి ఎవరైనా వెళ్ళొచ్చన్న నిజం కూడా దాచలేదు. ఆ మాటలు అమ్మాయితో విడిగా, కారులో మాట్లాడుకున్నాం.

ర్యాగింగ్ అంటే మా ఆయనకి బాగా తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది, ఆయన ఇంజనీరింగ్‌లో చేరింది ఆ తర్వాతే, అయినా తలొంచి చొక్కా మూడో గుండీ చూస్తూ సీనియర్ల ముందు నిలబడ్డ రోజులు ఆయన మర్చిపోలేదు. ఇక్కడ దాన్నే హేజింగ్ అంటారు, మనుషులు చనిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి, ఎక్కువగా ఫ్రెటర్నిటీల్లో. టెక్సాస్‌లో 2019లో చట్టాన్ని గట్టి చేశాక ప్రతి కాలేజీ ఏ సంస్థ మీద హేజింగ్ చర్య తీసుకుందో తన వెబ్‌సైట్‌లో పెట్టాలి, 2024 డిసెంబరులో దేశం మొత్తానికీ అలాంటి చట్టమే వచ్చింది. ఈ రిపోర్టు చదవకుండా ఎవరూ పిల్లల్ని పంపకండి. మా ఆయన దాన్ని ప్రింట్ తీసి, ఫ్రెటర్నిటీలు ఒక రంగు, సొరోరిటీలు ఒక రంగు హైలైటర్‌తో గీసి ఫ్రిజ్‌కి అంటించారు. పాలకోసం వెళ్ళిన ప్రతిసారీ చదువుకుంటున్నాం.

డబ్బు విషయంలో ఒకటే చెప్తాను, మొదటి సెమిస్టర్ బిల్లు మిగతావాటికన్నా ఎక్కువ. నెలవారీ డ్యూస్ (సభ్యత్వ రుసుము) ఒక్కటే కాదు, కొత్త సభ్యురాలి ఫీజు, ఇనిషియేషన్ (పూర్తి సభ్యురాలిగా చేర్చుకునే వేడుక), బ్యాడ్జి, ఆ ఇంట్లో ఉండకపోయినా ఇంటి ఖర్చు కింద కొంత, కొన్ని చోట్ల అక్కడ భోజనం ప్లాను, పైగా ప్రతి ఈవెంట్‌కీ ఒక టీషర్టు. క్యాంపస్‌ని బట్టి ఈ మొత్తం ఎంతో మారిపోతుంది, పాన్‌హెలెనిక్ ఆఫీసులో అడిగితే సగటు లెక్క ఇస్తారు. సభ్యులు ఆ ఇళ్ళలో ఒక ఏడాదైనా ఉండి తీరాలన్న నిబంధన చాలా చోట్ల ఉంటుంది, అప్పటికే అపార్ట్‌మెంట్ లీజు మీద సంతకం పెట్టిన ట్రాన్స్‌ఫర్ పిల్లలు ఇది ముందే అడగాలి. శాకాహారులైతే వంట సంగతి కూడా. మా ఇంట్లో ఒప్పందం ఇదీ, డ్యూస్ మావి, టీషర్టులూ డ్రెస్సులూ తన బోబా షాపు జీతంలోంచి.

ఇక ట్రాన్స్‌ఫర్ పిల్లలకే ఉండే చిక్కులు. వీటి గురించి ఎవరూ వివరంగా చెప్పరు, ఎందుకంటే సలహాలన్నీ ఫ్రెష్‌మన్ పిల్లల కోసమే ఉంటాయి. మొదటిది జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు. ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు చాలా యూనివర్సిటీలకి క్రెడిట్లు వెళ్తాయి గానీ గ్రేడ్లు వెళ్ళవు, కొత్త చోట జీపీఏ గడి ఖాళీగా ఉంటుంది. అప్పుడు సొరోరిటీలు చూసేది పాత కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్. వేసవి క్లాసు గ్రేడు ఇంకా ఎక్కకపోతే ట్రాన్స్‌క్రిప్ట్ సగం కథే చెప్తుంది, కాబట్టి ఎప్పుడు పంపాలో చూసుకోవాలి. రెండోది మన పిల్లలకి మరీ ఎక్కువ, హైస్కూల్లోనే ఏపీలూ డ్యూయల్ క్రెడిట్లూ అంటూ కాలేజీ క్రెడిట్లు పోగేసుకుని ఉంటారు కదా, కాగితం మీద జూనియర్, అంటే మూడో ఏడాది, అని పడుతుంది. ఎక్కువ ఏళ్ళు ఉండే పిల్లల్ని తీసుకోవాలని ఏ చాప్టర్‌కైనా (ఆ క్యాంపస్‌లోని సొరోరిటీ శాఖ) ఉంటుంది, రెండేళ్ళలో వెళ్ళిపోతుందేమో అనుకుంటే వెనకాడుతుంది. మా అమ్మాయికి ఇంకా మూడేళ్ళ చదువుంది, ఆ మాట ఫారంలో రాయమన్నాను, మాటల్లో కూడా మొదట్లోనే రానివ్వమన్నాను. కొన్ని క్యాంపస్‌లలో రెండో ఏడాది పైన ఉన్నవాళ్ళకి వేరే కోటా ఉంటుంది, అది ఉందో లేదో తెలిస్తే ఎంత ఆశ పెట్టుకోవాలో తెలుస్తుంది.

మూడోది చూడ్డానికి చిన్నదే గానీ మమ్మల్ని బాగా తిప్పింది. రిక్రూట్‌మెంట్ క్లాసుల ముందు వారంలో. డార్మ్ పిల్లలు ముందే దిగొచ్చు. అపార్ట్‌మెంట్ లీజులేమో ఆగస్టు మధ్య దాటితే గానీ మొదలవ్వవు. మరి ఆ రాత్రుళ్ళు పిల్ల ఎక్కడ పడుకోవాలి? రిజిస్ట్రేషన్ కూడా అంతే, ట్రాన్స్‌ఫర్ ఓరియెంటేషన్ దాకా ఆగితే గడువు దాటిపోవచ్చు, అడ్మిషన్ లెటర్ రాగానే తేదీలు చూసుకోవాలి. ఇంకో మాట, ముందు కాలేజీలోనే ఈ 26లో ఒకదాంట్లో ఇనిషియేట్ అయిపోయిన పిల్లలు మళ్ళీ ఇంకోదాంట్లో చేరలేరు. కొత్త చోట అదే సొరోరిటీ ఉంటే అక్కడికి మారొచ్చు, అదీ ఆ చాప్టర్ ఒప్పుకుంటేనే.

ఎంపిక ఎలా జరుగుతుందో మా అత్తగారికి ఎంసెట్ కౌన్సెలింగ్ లాంటిదని చెప్తే వెంటనే అర్థమైంది. ఒక్కో రౌండ్ అయ్యాక పిల్లలు తమకి నచ్చిన ఇళ్ళని, అంటే సొరోరిటీలని, వరసగా పెడతారు, ఆ ఇళ్ళు తమకి నచ్చిన పిల్లల్ని వరసగా పెడతాయి, కంప్యూటర్ జత చేస్తుంది. మొదటి రౌండ్లో అన్ని ఇళ్ళూ తిరగాలి, పోనుపోను తగ్గి ప్రిఫరెన్స్ అనే చివరి రౌండ్‌కి ఒకటో రెండో మిగులుతాయి. ఆ రోజు సంతకం పెట్టే కాగితం మాత్రం నిజంగా ఒప్పందమే. అందులో పేరు రాసిన ఇంటి నుంచి బిడ్, అంటే చేరమన్న పిలుపు, వచ్చాక వద్దంటే, ఆ క్యాంపస్‌లో వచ్చే ఏడాది రిక్రూట్‌మెంట్ దాకా ఆ గొడుగు కింద ఇంకెక్కడా చేరడానికి వీల్లేదు. వెళ్ళదల్చుకోని ఇంటి పేరు మొహమాటానికి రాయొద్దని అందుకే చెప్తున్నాను. ఎవరు ఎందుకు వద్దన్నారో చెప్పరు, రీవాల్యుయేషన్ లేదు. మా ఆయనకి ఈ ఒక్క ముక్కే ఇప్పటికీ మింగుడు పడలేదు.

తయారీలో ఎక్కువ కష్టం మాటల దగ్గర వచ్చింది. హోరెత్తే హాల్లో, ముక్కూ మొహం తెలియని అమ్మాయితో కాసేపు మాట్లాడాలి, ఆ అమ్మాయి లేచిపోతే ఇంకో అమ్మాయి వచ్చి కూర్చుంటుంది, మళ్ళీ మొదటినుంచీ. మనమేమో పిల్లల్ని పెద్దవాళ్ళ మధ్యలో మాట్లాడొద్దు, గొప్పలు చెప్పుకోవద్దు అని పెంచుతాం, ఆ తర్వాత అమెరికాలో ఇంటర్వ్యూకి వెళ్ళి నీ గురించి నువ్వు చెప్పుకో అంటాం. వంటింట్లో గట్టు దగ్గర నేను సొరోరిటీ అమ్మాయిలా నిలబడి అడిగితే, తను కమ్యూనిటీ కాలేజీ అన్న ముక్క దగ్గరికి రాగానే గొంతు తగ్గించేసి, ఫీజు, రూలు, ర్యాంకు అని సంజాయిషీ మొదలుపెట్టింది. నేను ఇంటర్వ్యూలో మేనేజర్ అడిగినట్టు అడుగుతున్నానట, అదీ ఒక కంప్లైంటు.

అప్పుడు సోఫాలోంచి మా అత్తగారు రంగంలోకి దిగారు. "ఇటు రా, నేనడుగుతా. మీదే ఊరు? ఎంతమంది మీరు? నాన్న ఏం చేస్తారు? పొద్దున ఏం తిన్నావు?" ఇంగ్లీషు రాకపోయినా పర్లేదు, ఆవిడ అడుగుతుంటే తను నవ్వేసింది, నవ్వాక మాటలు వాటంతటవే వచ్చాయి. ఏడాదంతా సాయంత్రాలు నానమ్మతో కూర్చుని సీరియల్ చూసిందట, విలన్ కోడలు తెరమీదకి రాగానే ఆవిడ జంతికల డబ్బా మూత టకటకా కొడుతూ శాపనార్థాలు పెడుతుంటే తను వాటిని వరసగా ఫోన్లో రాసుకుందట. ఆ లిస్టు మాకప్పుడే తెలిసింది. ఈ కథ చెప్పమన్నాను. ఇంటి నుంచే ఎందుకు చదివావు అంటే ఫీజుల లెక్కలక్కర్లేదు, ఇది చాలు, విన్న అమ్మాయి తన బామ్మ గురించి చెప్పకుండా ఉండలేదు.

సేవ గురించి మాట్లాడే రౌండ్ ఒకటుంటుంది, ఒక్కో సొరోరిటీ ఏదో ఒక సేవా కార్యక్రమానికి డబ్బు పోగేస్తుంది. మా అమ్మాయి గుళ్ళో అన్నదానం రోజు గిన్నెలు తోమింది తప్ప పెద్ద సర్టిఫికెట్లేమీ లేవు. గిన్నెలు తోమిన సంగతే చెప్పమన్నాను. డ్రెస్సుల గోల నాకు ఓపిక లేదు. 2021లో అలబామా యూనివర్సిటీ పిల్లలు రిక్రూట్‌మెంట్ డ్రెస్సులు చూపించిన టిక్‌టాక్ వీడియోలు అంత పాకినప్పటి నుంచీ ఏ రౌండ్‌కి ఏం వేసుకోవాలన్నది పెద్ద వ్యాపారమైంది. టెక్సాస్ ఆగస్టు ఎండలో ఇల్లిల్లూ తిరగాలంటే మొదట కావాల్సింది కాలికి కరవని చెప్పులు, బ్యాండ్ ఎయిడ్లు, చేతి ఫ్యాను. రిక్రూట్‌మెంట్ వారంలో తమ సొరోరిటీ పేరు బయటపెట్టకుండా పిల్లల వెంట ఉండే కౌన్సెలర్ అమ్మాయిలుంటారు, తక్కినవి వాళ్ళని అడిగితే చాలు.

రంగు విషయం తనతో దాచకుండా మాట్లాడాను. అదే అలబామా యూనివర్సిటీలో 2013లో, మార్కులు బ్రహ్మాండంగా ఉన్న నల్లజాతి అమ్మాయిని సొరోరిటీలు జాతి చూసి పక్కనపెట్టాయని విద్యార్థుల పత్రిక ది క్రిమ్సన్ వైట్ రాసింది, దేశమంతా గొడవయ్యాకే అక్కడ తలుపులు తెరుచుకున్నాయి. అది 1913 కాదు, 2013. నల్లజాతి అమ్మాయిలు ఎప్పుడో 1908లోనే హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు, కమలా హారిస్ అందులో సభ్యురాలే. మన దక్షిణాసియా పిల్లల సొరోరిటీలు కూడా టెక్సాస్‌లోనే ఉన్నాయి, యూటీ ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, రెండూ 1998లో పుట్టినవే. చిన్నవి, ఇళ్ళూ గోలా ఉండవు, చాలావాటిలో చేరాలంటే కాలేజీ క్రెడిట్లు కొన్ని ముందే పూర్తయి ఉండాలి, అంటే ట్రాన్స్‌ఫర్ పిల్లలకి ఆ అడ్డు ఎలాగూ ఉండదు. నా మనసు ఎటు ఉందో చెప్పక్కర్లేదు కదా. తను మాత్రం "అమ్మా, ఫ్రిస్కోలో పెరిగాను, ఇప్పటిదాకా నా ఫ్రెండ్స్‌లో తెలుగు రానివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, కొంచెం వేరేవాళ్ళని చూడనీ" అంది. అదీ నిజమే.

చివరికి తేల్చుకున్నది ఇది. ఆగస్టులో మొదట పెద్ద రిక్రూట్‌మెంట్. అక్కడ కుదరకపోతే ఖాళీలున్న చాప్టర్లు సెమిస్టర్ మొదలయ్యాక కూడా హడావిడి లేకుండా పిల్లల్ని చేర్చుకుంటాయి, జనవరిలో ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్ళకి అసలు అదే దారి. కప్పా ఫై గామా లాంటివి తన క్యాంపస్‌లో పెట్టే ఇన్ఫో సెషన్‌కి కూడా వెళ్తానని తనే చెప్పింది, నేను అడగలేదు. ఆ వారంలో ఫోన్ తనే చేస్తుంది, మేము చెయ్యం. ఈ షరతు మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు, రాత్రి పదికి ఒక్క మెసేజ్ అయినా పెట్టాలి అంటున్నారు, బేరం నడుస్తోంది.